మాయ (ప్లాసెంటా) కిందికి ఉంది, బెంగళూరులో కాన్పు ఎక్కడ మంచిది?

నాకిప్పుడు 31వ వారం. మొదటి కాన్పు సిజేరియన్. ఈసారి మాయ గర్భసంచి ముఖద్వారాన్ని పూర్తిగా కప్పేసింది. పాత కుట్టు మీద అతుక్కుందేమోనని కూడా డాక్టరమ్మకు అనుమానం. మొన్న రాత్రి బ్లీడింగ్ అయి, మారతహళ్లిలో మా వీధి చివరి నర్సింగ్ హోమ్‌కి పరుగెత్తితే, రక్తం బయటినుంచి తెప్పించాలన్నారు. ఆటోలో నైటీ తడిసిపోతుంటే మా ఆయన నా చెయ్యి వదల్లేదు. అప్పట్నుంచి నిద్ర లేదు.

అమ్మ పుట్టింటికి, కర్నూలు వచ్చేయమంటోంది. ఇంత దూరం ప్రయాణం నాకు భయం. రక్తనిధి, ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ), రాత్రయినా మత్తు డాక్టరు, అన్నీ ఒకేచోట ఉండాలి. కోరమంగల సెయింట్ జాన్స్, లేదా వాణీవిలాస్ అనుకుంటున్నాం. అక్కడ ఇలాంటి కాన్పు అయినవాళ్లున్నారా? ముందే అడ్మిట్ చేసుకున్నారా? ఖర్చెంతయింది? నాది ఓ నెగెటివ్. రక్తం ముందుగా ఎలా సిద్ధం చేసుకున్నారో కూడా దయచేసి చెప్పండి.