ఇంటి నుంచి పని: ముఖ్యమైన పనికి సమయం మిగలడం లేదు

ప్రశ్న: ఇంటి నుంచి పనిచేస్తున్నప్పుడు, వచ్చిన ప్రతి సందేశానికీ వెంటనే జవాబివ్వడంతోనే పగలంతా గడిచిపోయి, ఏకాగ్రత అవసరమైన పని రాత్రికి మిగిలిపోతోంది. దీన్ని ఎలా సరిదిద్దుకోవాలో దయచేసి చెప్పగలరా?

మొదటి సమాధానం: సమయం ముక్కలైపోవడమే అసలు సమస్య అని నా అభిప్రాయం. ఒక పని నుంచి మరో పనికి మారిన ప్రతిసారీ మనసు కొంతసేపు పాత పనిలోనే చిక్కుకుని ఉంటుంది కనుక, ఉదయం తొలి రెండు గంటలు నోటిఫికేషన్లు ఆపివేసి, మీరు సందేశాలు చూసే వేళలను సహోద్యోగులకు ముందుగానే తెలియజేయండి. చెప్పకుండా మౌనంగా ఉంటే అపార్థాలు వస్తాయి.

రెండవ సమాధానం: 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో రూపొందించిన పొమొడోరో పద్ధతిలో 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం ఉంటాయి. పని మొదలుపెట్టడమే కష్టమైనవారికి ఇది మేలు. సుదీర్ఘమైన రాతపనికి మాత్రం నేను ఇంకా పెద్ద వ్యవధినే ఎంచుకుంటాను.

మూడవ సమాధానం: ముగించే వేళను కూడా నిర్ణయించుకోండి. ల్యాప్‌టాప్ మూసే ముందు, మర్నాడు మొదట చేయవలసిన పనిని కాగితంపై రాసి పెట్టుకోండి.