రోజూ ఫోన్ చేస్తున్నా అమ్మ మాత్రలు మిగిలిపోతున్నాయి, ఏం చేయాలి?

నేనూ నా భార్యా పని కోసం సిటీకి వచ్చేసి నాలుగేళ్లు. ఊళ్లో అమ్మ, మా తొమ్మిదేళ్ల పాప ఉంటారు. నాన్న లేరు. అమ్మకు 72. నెలనెలా డబ్బు పంపుతాను, రోజూ రాత్రి ఫోన్ చేస్తాను. "బీపీ మాత్రలు వేసుకున్నావా?" అంటే "ఆఁ, వేసుకున్నాలేరా" అంటుంది. మొన్న వెళ్లి చూస్తే రాత్రి వేసుకోవాల్సిన 30 మాత్రల్లో 13 షీటులోనే ఉన్నాయి. అన్నావదినలు కూడా సిటీలోనే. వదినైనా అక్కడుంటే ఇలా అయ్యేది కాదేమో. ఇక్కడికి తెచ్చుకుందామంటే ఉన్నది ఒక్క గది, పొద్దున పోతే మేం తిరిగొచ్చేది రాత్రికే.

జవాబు 1:
నర్సుగా చేశాను. మిగిలినవి రాత్రివే అంటే మతిమరుపు అనుకోను. కొన్ని బీపీ మాత్రలకు ఒంటికి ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది. రాత్రి లేవాలనే భయంతో పెద్దావిడలు మాత్ర మానేస్తారు, నీళ్లూ తగ్గిస్తారు. చీకట్లో పడితే ఇంకా ప్రమాదం: 50 దాటిన ఆడవాళ్లలో ముగ్గురిలో ఒకరికి ఎముకల బలహీనత వల్ల ఏదో ఒక ఎముక విరుగుతుంది. ఆ మాత్ర పొద్దున వేసుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి, మీరే మార్చకండి. ఫోన్లో "వేసుకున్నావా" అని కాదు, "షీటులో ఎన్ని ఉన్నాయి" అని అడగండి.

జవాబు 2:
"వదినైనా అక్కడుంటే" అన్నచోట ఆగిపోయాను. మా ఆయన వలస పోతే ఆరేళ్లు ఆ వదినని నేనే. పొలం పని, పిల్లల బడి, అత్తమ్మకు స్నానం, అన్నీ నా మీదే. ఆయన ఫోన్ చేస్తే ముందు అడిగేది "అమ్మ ఎలా ఉంది?" అనే. నేనెలా ఉన్నానో తర్వాత, గుర్తొస్తే. ఇంకో మాట. అమ్మను చూసేవాళ్లు లేరని బాధపడుతున్నారు, మరి మీ పాపకు జడేసి బడికి పంపేది ఎవరండీ?

ప్రశ్న అడిగినవారు:
అక్కా, నిజమే. ఆ మాట నాకు తట్టనే లేదు.

రాత్రి ఫోన్ అమ్మకు కాకుండా పాపకు ఇమ్మన్నాను. "మాత్ర వేసుకుంటే నానమ్మ బయటికి వెళ్లాలి కదా నాన్నా. నేను నిద్రలేచి చూస్తే ఒక్కదాన్నే ఉంటానని వేసుకోదు" అంది. డాక్టర్ దగ్గరికి అమ్మను తీసుకెళ్లడానికి ఆదివారం బస్సుకు టికెట్ తీసుకున్నాను. పెరట్లో లైటు కూడా పెట్టించాలి.