అప్‌డేట్: తెర లేచే ముందు మా నటుల నీరసం
ప్రదర్శనకు ముందు మా నటులంతా తలో మూల కూర్చుని టెన్షన్ పడుతున్నారు, హుషారు ఎలా తెప్పించాలి అని అడిగాను కదా. మూడు ప్రదర్శనలూ అయిపోయాయి.

అన్నిటికంటే పనికొచ్చింది అంకెల ఆట. గుండ్రంగా నిలబడి, కళ్లు మూసుకుని, వరస అనుకోకుండా ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతూ 20 దాకా వెళ్లాలి. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే మళ్లీ ఒకటి నుంచి. మొదటి రోజు 7 దాటలేదు, నవ్వులే నవ్వులు. మూడో రోజు 20 చేరాం. ఒకరినొకరు వినడం అలవాటై, స్టేజీ మీద డైలాగు మీద డైలాగు పడటం కూడా తగ్గింది.

తెర లేచే ముందు డైలాగులన్నీ ఒకసారి గబగబా చెప్పించమని మీరిచ్చిన సలహా రెండో రోజు పాటించాం. మొదటి రోజు చప్పట్ల తర్వాత పట్టిన బద్ధకం వదిలింది. కాకపోతే ఒకాయన అదే వేగంతో స్టేజీ ఎక్కేశాడు! అందుకే ఆ తర్వాత కాసేపు నెమ్మదిగా ఊపిరి తీయించాను. గొంతు వార్మప్ మామూలే.

అసలు తప్పు నాదేనేమో. మేకప్ వేసుకుంటున్నవాళ్ల దగ్గరికెళ్లి "నిన్న అక్కడ తడబడ్డావు" అనేదాన్ని. ఇప్పుడు సవరణలు ముందు రోజు రాత్రే పంపేస్తున్నా.

ప్రదర్శనకు ముందు ఫోన్లు పక్కన పెట్టించే సంగతే తేలలేదు. బుట్టలో వేయమంటే ఇద్దరు అలిగారు.