నష్టాల్లో ఉన్న ట్రేడింగ్ ఏజెంట్‌ని ఆపాల్సింది ఎవరు?

గచ్చిబౌలి_క్వాంట్:
ఆఫీసులో వారంగా ఇదే గొడవ. నిఫ్టీ ఆప్షన్స్‌కి ఒక ఏఐ ఏజెంట్ కడుతున్నాం. ఏది కొనాలి, ఎంత అమ్మాలి అన్నీ అదే తేల్చుకుంటుంది. రోజు నష్టం హద్దు దాటితే ఆపే భాగం దాని లోపలే ఉండాలా, దానికి చెయ్యందని వేరే ప్రోగ్రాంగా బయట ఉండాలా? నా ఓటు లోపలికే. బయటి రూల్‌కి నష్టం అంకె తప్ప ఏమీ కనబడదు, సరిగ్గా రేటు అడుగంటినప్పుడే అమ్మించేస్తుంది.

లక్ష్మి_రిస్క్:
బయటే. దాని లెక్క తప్పింది కాబట్టే కదండీ నష్టం, ఆగాలో వద్దో మళ్లీ అదే లెక్కని అడుగుతారా? 2010 మే 6 ఫ్లాష్ క్రాష్ (మార్కెట్ నిమిషాల్లో కుప్పకూలిన రోజు) చూడండి. అమెరికాలో ఒక ఫండ్ 75,000 ఈ-మినీ కాంట్రాక్టులు (అక్కడి ఎస్&పీ 500 సూచీ ఫ్యూచర్లు) అమ్మే పని అల్గోకి, అంటే ఆర్డర్లు తనే పంపే ప్రోగ్రాంకి, అప్పజెప్పింది. గడిచిన నిమిషం వాల్యూమ్‌లో 9 శాతం చొప్పున అమ్మమన్నారు. ధర చూడమనలేదు, టైం చూడమనలేదు. ధర పడేకొద్దీ వాల్యూమ్ పెరిగింది, వాల్యూమ్ పెరిగేకొద్దీ అది ఇంకా అమ్మింది. చివరికి ఎక్స్ఛేంజి ఆటోమేటిక్ రూలే ఈ-మినీ ట్రేడింగ్‌ని 5 సెకన్లు నిలిపేసింది. ఆ తర్వాతే ధర నిలదొక్కుకుని పైకి తిరిగింది. తెలివిలేని రూలే, కానీ పని చేసింది.

అమీర్‌పేట్_బ్యాచ్:
మరి అమెరికా ట్రేడింగ్ కంపెనీ నైట్ క్యాపిటల్ సంగతేంటక్కా? 2012 ఆగస్టు 1. 8 సర్వర్లలో 7టికే కొత్త కోడ్ ఎక్కింది, మిగిలినదాంట్లో ఎప్పటిదో పాత కోడ్ లేచి ఆర్డర్లు కొట్టుకుంటూ పోయింది. ఆపబోయి, బాగున్న 7 సర్వర్లలోంచి కొత్త కోడ్ పీకేశారు. అవి కూడా పాత కోడ్ మీదికెళ్లాయి! ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లకు పైగా గోవిందా.

లక్ష్మి_రిస్క్:
అది నా వాదనే తమ్ముడూ. ఆర్డర్ మార్కెట్‌కి వెళ్లే చివరి గుమ్మం దగ్గర సరైన అడ్డు లేదనే కదా అక్కడి మార్కెట్ రెగ్యులేటర్ ఎస్ఈసీ తప్పుపట్టింది. అడ్డు ఉంటే మనుషులు ఆ హడావిడిలో తడుముకునే పనే ఉండేది కాదు.

దిల్‌సుఖ్‌నగర్_ఆప్షన్స్:
ఆపుడు ఆపుడు అంటున్నరు, ఆపుడంటే ఏంది? పెండింగ్ ఆర్డర్లు క్యాన్సిల్ కొట్టుడా, పొజిషన్లు గూడ తీసేసుడా? మంగళవారం ఎక్స్‌పైరీ, మధ్యాహ్నం. కాల్ (పెరిగితే కొన్నోనికి లాభం), పుట్ (పడితే కొన్నోనికి లాభం) రెండూ అమ్మి, దూరం స్ట్రైకులు హెడ్జ్ కోసం, అంటే నష్టానికి అడ్డంగ, కొని పెట్టుకున్నం అనుకోర్రి. మీ బయటి స్విచ్ లిస్టుల పైకెళ్లి కిందికి మూసుకుంట పోతే, ముందుగాల హెడ్జే అమ్మేస్తది. మార్జిన్ (బ్రోకర్ దగ్గర పెట్టాల్సిన పైసలు) ఎగురుతది, అమ్మినవి అడ్డం లేకుంట మిగుల్తయ్. అప్పుడు మార్కెట్ ఒక్క గుంజు గుంజిందంటే స్విచ్ లేకున్నా గంత నష్టం రాకపోవు.

గచ్చిబౌలి_క్వాంట్:
అన్నా, నేను మొత్తుకునేది ఇదే! ఆపడం కూడా ఒక నిర్ణయమే.

లక్ష్మి_రిస్క్:
అమ్మినవి ముందు తిరిగి కొను, ఆ తర్వాతే హెడ్జ్ తియ్యి. రెండు లైన్ల రూల్. దీనికి మోడల్ తెలివి ఎందుకు?

నైట్‌షిఫ్ట్_నాని:
బయటిదైనా ఏజెంట్ చెప్పిన లెక్కే నమ్మితే లాభం లేదు. ఆర్డర్ పంపాక బ్రోకర్ ఏపీఐ నుంచి జవాబు రాలేదనుకోండి, వెళ్లలేదనుకుని ఏజెంట్ మళ్లీ పంపుతుంది. దాని ఖాతాలో 4 లాట్లు, బ్రోకర్ దగ్గర 8. కాబట్టి ఆపే ప్రోగ్రాం పొజిషన్లను నేరుగా బ్రోకర్ దగ్గరే చదవాలి, వేరే మెషీన్‌లో నడవాలి. ఇంకోటి, దీన్ని కస్టమర్లకి అమ్ముతారా? 2025 ఫిబ్రవరి 4 సెబీ సర్క్యులర్ చదువుకోండి. లాజిక్ వాడేవాడికి తెలియకపోతే అది బ్లాక్ బాక్స్ అల్గో, ఇచ్చేవాడికి రీసెర్చ్ అనలిస్ట్ రిజిస్ట్రేషన్ ఉండాలి.

బేగంబజార్_శేఠ్:
గుమాస్తా ఎంత హుషారైనా గల్లా తాళం యజమాని బొడ్లోనే ఉంటుంది సార్.

గచ్చిబౌలి_క్వాంట్:
సరే, తాళం బయటే పెడదాం, మూసే వరుస రాసిచ్చేద్దాం. మరి ఆగినదాన్ని మళ్లీ నడిపేది ఎవరు? ఏజెంటా, మనిషా?

లక్ష్మి_రిస్క్:
మనిషే. అదీ మర్నాడు 9:15 లోపు, లాగ్ మొత్తం చదివాక.

గచ్చిబౌలి_క్వాంట్:
ఎక్స్‌పైరీ రోజు పదిన్నరకి ఒక తప్పుడు టిక్ (తప్పుగా వచ్చిన ధర అంకె) వల్ల ఆగిపోతే రోజంతా చేతులు కట్టుకుని కూర్చోవాలా? ఇది మాత్రం ఒప్పుకోను మేడం.

దిల్‌సుఖ్‌నగర్_ఆప్షన్స్:
కూర్చో తమ్మీ, ఏమైతది.