మండుటెండలో కూడా మీటర్లో బ్యాటరీ శాతం తగ్గిపోతోంది, సాయం చెయ్యండి

హార్బరు బోటు: పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. వేట నిషేధం కదా, బోటు ఫిషింగ్ హార్బరులోనే కట్టి ఉంది. కేబిన్ మీద సోలార్ ప్యానెల్ ఉంది. బ్యాటరీ మానిటర్ కొత్తగా పెట్టించాం. మిట్టమధ్యాహ్నం 13.6 వోల్టులు చూపిస్తోంది, శాతం మాత్రం 38! నిన్న ఇంకా ఎక్కువే ఉంది. బ్యాటరీ పోయిందా? జూన్ 15కి వేటకెళ్లాలి, టెన్షన్‌గా ఉంది.

పెదజాలారిపేట: 13.6 అంటే ఫుల్. శాతం వదిలెయ్.

గాజువాక ఎలక్ట్రికల్స్: షంట్, అదే మీటరు కోసం కరెంటు కొలిచే ముక్క, ఎక్కడ పెట్టారు? సోలార్ మైనస్ దేనికి కలిపారు? ఆంప్స్ ప్లస్సా, మైనస్సా?

భీమిలి: బాబూ, ముందు టెర్మినల్స్ చూడు. ఉప్పుగాలికి మామూలు రాగి వైరు లోపల్లోపలే నల్లబడిపోతుంది, పైకి తెలీదు. బోటుకి తగరం పూత ఉన్న వైరే వాడాలి. ఎంత చెప్పినా మనవాళ్లు ఇళ్లకి వేసే వైరే లాగేస్తున్నారు. డిస్టిల్డ్ వాటర్ కూడా చూసుకో. ప్లేట్లు మునిగి ఉండాలి. బ్యాటరీ పెట్టెకి గాలి ఆడాలి, చార్జింగులో వచ్చే హైడ్రోజన్ ప్రమాదం.

హార్బరు బోటు: వైర్లు బాగానే ఉన్నాయండి. 150 ఆంప్స్ ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. మీటర్లో -2.3. ఫ్యాను, లైట్లు వేసున్నాయి. సోలార్ కంట్రోలరు నుంచి వచ్చే రెండు వైర్లూ నేరుగా బ్యాటరీకే.

గాజువాక ఎలక్ట్రికల్స్: అదే సమస్య. షంట్‌కి ఒకవైపు బ్యాటరీ మైనస్ ఒక్కటే ఉండాలి. లైట్లు, వైర్‌లెస్ సెట్టు, ఇంజిను, సోలార్ కంట్రోలరు, అన్ని మైనస్‌లూ రెండోవైపు. ఇప్పుడు మీ మీటరు ఖర్చు ఒక్కటే లెక్కేస్తోంది, సోలార్ జమ దానికి కనబడట్లేదు. 150 ఆంపియర్ అవర్స్ అనండి, అది కెపాసిటీ; ఆంప్స్ అంటే పారే కరెంటు. కంట్రోలరు మీద ఏముంది?

హార్బరు బోటు: ఫ్లోట్ అని ఉంది.

పెదజాలారిపేట: నేను ముందే చెప్పలేదా ఫుల్ అని!

గాజువాక ఎలక్ట్రికల్స్: 13.6 ఒక్కటే చూసి చెప్పకూడదు అన్నా. సగం బ్యాటరీ కూడా చార్జింగులో ఉంటే 13.6 చూపిస్తుంది. లోడూ చార్జింగూ తీసేసి కొన్ని గంటలు ఆగాక 12.7 ఉంటే ఫుల్, 12.2 ఉంటే దాదాపు సగం. ఫ్లోట్ అంటే నిండాక తక్కువ వోల్టేజీతో నిలబెట్టే దశ, అది వచ్చింది కాబట్టే నిండిందంటున్నాం.

పెదజాలారిపేట: మా బోటుకి మీటరే లేదు, వోల్టులు చూసే వేటకెళ్తున్నాం.

హార్బరు బోటు: మైనస్ మార్చాం. ఇప్పుడు +0.5. శాతం కదలట్లేదు.

గాజువాక ఎలక్ట్రికల్స్: శాతం దానంతటదే సరవ్వదు. కెపాసిటీ 150 పెట్టి, ఫ్లోట్‌లో ఉండగా మీటరుని 100కి సింక్ చెయ్యండి, అంటే ఇప్పుడు ఫుల్ అని దానికి చెప్పండి. ఫుల్ అని గుర్తించే వోల్టేజీ 14.2 పెట్టండి, మీ కంట్రోలరు 14.4 దాకా తీసుకెళ్తుంటే. 13.2 లాంటిది పెడితే మబ్బు పట్టి ఆంప్స్ పడిపోగానే నిండిందనుకుని 100 చూపించేస్తుంది. సముద్రంలో ఆ లెక్క నమ్ముకుంటే రాత్రి సెట్టు ఆగిపోతుంది.

భీమిలి: మార్చిన వైరు తగరం పూతదేనా?

హార్బరు బోటు: 100 వచ్చింది. థాంక్స్ అన్నా.

కంచరపాలెం: లిథియానికి కూడా ఇవే వోల్టులా?