ఫుట్‌స్క్రేలో ఫ్లాట్ చూశాం, అక్కడ ఉన్నవాళ్లు కాస్త చెప్పండి (మెల్‌బోర్న్)

కొత్తగా_వచ్చాం: అందరికీ నమస్తే. ప్రస్తుతం ఊరి చివర టార్నీట్‌లో మా పిన్నివాళ్లింట్లో ఉంటున్నాం. మావారి ఉద్యోగం పార్క్‌విల్‌లో, హాస్పిటళ్ల దగ్గర. ఫుట్‌స్క్రేలో నది పక్కన టవర్లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ నచ్చింది. పిన్నికి చెప్తే "అక్కడా? చంటిపిల్లతోనా? వద్దే తల్లీ" అంది. ఆఫీసులో చెప్తే "అబ్బ, భలే ఏరియా" అన్నారు. ఇద్దరూ ఒకే ఊరి గురించే మాట్లాడుతున్నారా అని నా అనుమానం.

బార్క్లీ_బాబాయ్: ఒకే ఊరేనమ్మా. మీ పిన్నిగారు చూసిన కాలం వేరు, అంతే.

నేను 2007లో విక్టోరియా యూనివర్సిటీలో చదవడానికి వచ్చాను. ఒక ఇంట్లో ఎంతమంది పడితే అంతమంది సర్దుకునేవాళ్లం. షిఫ్ట్ అయ్యాక ఆఖరి రైలు దిగితే ఒంటరిగా నడవొద్దని ఒకళ్ల కోసం ఒకళ్లం స్టేషన్లో ఆగేవాళ్లం. 2009లో మన విద్యార్థుల మీద దాడులు జరిగి, సిటీలో వేలమంది రోడ్డెక్కినప్పుడు ఇండియా నుంచి ఫోన్లు ఆగలేదు. మీ పిన్నిగారి భయం అక్కడిది. అంతకు ముందు 90ల్లో ఫుట్‌స్క్రే అంటే హెరాయిన్ అనే పేరు.

ఇంకా వెనక్కి వెళ్తే ఇది ఫ్యాక్టరీల ఊరు. తాళ్ల మిల్లు, టైర్ల ఫ్యాక్టరీ, నది ఒడ్డున కబేళాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గ్రీకులు, ఇటాలియన్లు, యుగోస్లావులు ఆ పనుల్లోకి వచ్చారు. 1975 తర్వాత వియత్నాం వాళ్లు, 90ల నుంచి ఇథియోపియా, ఎరిత్రియా, సూడాన్ వాళ్లు. ఆ వరసలో చివర మేం. అందరూ వచ్చింది ఒకే లెక్కతో: సిటీ 5 కిలోమీటర్లు, అద్దె తక్కువ. ఆ లెక్కలో మొదటి సగమే ఇప్పుడు మిగిలింది.

టార్నీట్_మల్లన్న: ఎందుకక్కా ఆ అగ్గిపెట్టె ఫ్లాట్? గదే కిరాయికి ఇక్కడ నాలుగు బెడ్‌రూంల ఇల్లు వస్తది, కారు పెట్టుకోను గ్యారేజ్ ఉంటది, పక్కింట్ల తెలుగే. శనివారం వీలైన్ (దూరం ఊళ్లకు పోయే రైలు) ఎక్కితే ఫుట్‌స్క్రేల దిగొచ్చు, చేపలు, కూరగాయలు తెచ్చుకోవచ్చు. ఉండుడెందుకు?

సెడన్_శారద: మల్లన్న గారూ, అదే రైలు పొద్దున్న ఏడున్నరకి ఎక్కి చూశారా? నిలబడే చోటు దొరికితే గొప్ప. వాళ్లాయన పనిచేసేది పార్క్‌విల్ అంటున్నారు. మెట్రో టన్నెల్ (సిటీ కింద వేసిన కొత్త రైలు సొరంగం) వచ్చాక సన్‌బరీ లైన్ రైలు ఫుట్‌స్క్రే నుంచి మారకుండా అక్కడికే వెళ్తుంది.

మేం పక్కనే సెడన్‌లో పాత చెక్క ఇల్లు కొన్నాం. ఆ ఇళ్ల తీరు చెప్తాను వినండి. వీధి వైపు ఒక తలుపు, ఒక కిటికీ, అంతే వెడల్పు. ఒక పక్కగా సన్న నడవా, దాని వెంట గదులు, బాత్‌రూమ్ అన్నిటికన్నా వెనక. వెనక సందు ఉంటే అది ఒకప్పుడు మరుగుదొడ్ల డబ్బాలు రాత్రిపూట బండిలో ఎత్తుకెళ్లడానికి వేసిన దారి. ఫ్యాక్టరీ కూలీల కోసం కట్టిన కొంపలివి. ఇప్పుడు ముందు గోడ అలాగే ఉంచి, వెనకంతా పడగొట్టి గాజు వంటిల్లు కడతారు. మా వీధిలో నల్లరంగు వేసిన ఇల్లు కనిపిస్తే కొత్తవాళ్లదని అర్థం. పెరట్లో నిమ్మచెట్టు, ముందు సిమెంటు, తెల్ల రెయిలింగు ఉంటే పాత ఇటాలియన్ ఇల్లు. అలాంటివి ఒక్కొక్కటే వేలానికి వస్తున్నాయి. పిల్లలు ఎప్పుడో దూరం వెళ్లిపోయారు, మామ్మ పోయాక అమ్మేస్తారు.

ఇంజెరా_పిచ్చి: తిండి సంగతి ఎవరూ ఎత్తరేంటి! బార్క్లీ స్ట్రీట్‌లో ఇథియోపియన్ హోటళ్లకి వెళ్లండి. ఇంజెరా అచ్చం మన పుల్లట్టే, పైన పప్పు వడ్డిస్తారు. హాప్కిన్స్ స్ట్రీట్‌లో 1956 నాటి ఇటాలియన్ మిఠాయి కొట్టు కవల్లారో, చుట్టూ ఫో (వియత్నాం నూడుల్స్ సూప్) హోటళ్లు. వెస్ట్ ఫుట్‌స్క్రే వైపు పోతే మన టిఫిన్లు. దోస హట్ 2007లో మొదలైంది అక్కడే.

బార్క్లీ_బాబాయ్: ఫుట్‌స్క్రే అనే పేరు సంగతి ఇంకోటి. ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఊరి పేరే ఉండేది. దాన్ని 1989లో ఫిట్జ్‌రాయ్ అనే ఇంకో క్లబ్బుతో కలిపేస్తామంటే ఇక్కడి జనం చందాలెత్తి ఆపారు. 1996 సీజన్ అయ్యాక క్లబ్బు వాళ్లే పేరులోంచి ఫుట్‌స్క్రే తీసేసి వెస్టర్న్ బుల్‌డాగ్స్ అన్నారు. ఆ పేరుతో స్పాన్సర్లు రారని అప్పటి గొడవ. ఇప్పుడు బిల్డర్లు అదే పేరు బోర్డుల మీద గజమెత్తు అక్షరాలతో రాస్తున్నారు.

కొత్తగా_వచ్చాం: అంటే మేం ఆ టవర్లోకి వస్తే పాతవాళ్లని వెళ్లగొట్టేవాళ్ల లెక్కలోకే వస్తామా? నిజంగా అడుగుతున్నా.

టార్నీట్_మల్లన్న: గదేం మాటక్కా, కిరాయి కట్టెటోళ్లు ఎవర్ని ఎల్లగొడ్తరు? కొనెటోళ్లని అడుగు.

సెడన్_శారద: నన్నేగా అన్నది! అనండి, తప్పులేదు. కాఫీ షాపుల్లో కూర్చునే తెల్లవాళ్లనే అందరూ తిడతారు గానీ, ఐటీ జీతాలతో వేలంలో చెయ్యెత్తింది మనవాళ్లు కూడా. 2016 ప్రాంతంలో ఎవరో కొత్త బర్గర్ షాపుల మీద రాళ్లేసి, గోడల మీద బూతులు రాశారు. నాకది మూర్ఖంగానే కనబడింది. అద్దె పెంచింది బర్గర్ కాదు.

అయితే ఒకటి నిజం. 2016 డిసెంబర్లో ఇక్కడి వియత్నాం వాళ్ల లిటిల్ సైగాన్ మార్కెట్ కాలిపోయింది. అందులో కొట్లు పెట్టుకున్నవాళ్లు తలో దిక్కు సర్దుకున్నారు. నా వరకు ఊరు మారిపోయిందనిపించింది కాఫీ షాపులొచ్చినప్పుడు కాదు, అప్పుడు.

బార్క్లీ_బాబాయ్: 2021 సెన్సస్ ప్రకారం ఇక్కడ జనం 17 వేల పైచిలుకు. మొత్తం చూస్తే ఇంకా కలగాపులగమే. కానీ వయసు చూడండి, టవర్లలో అంతా పాతిక నుంచి నలభై లోపు, పెంపుడు కుక్కలు. మార్కెట్లో బుట్టలు పట్టుకు తిరిగే వియత్నాం పెద్దవాళ్లలో చాలామంది సిటీకి ఇంకా దూరంగా ఉన్న సన్‌షైన్, సెయింట్ ఆల్బన్స్ నుంచి రైల్లో వస్తారు. అమ్మేవాళ్లు కూడా సాయంత్రం అటే వెళ్తారు.

కొత్తగా_వచ్చాం: రాత్రిళ్లు ఎలా ఉంటుంది?

ఇంజెరా_పిచ్చి: నికల్సన్ స్ట్రీట్ మాల్ దగ్గర తాగి అరిచేవాళ్లు ఉంటారు. నన్నెవరూ ఏమీ అనలేదు. ఆడవాళ్లు చెప్తే నయం.

సెడన్_శారద: స్టేషన్ చుట్టూ చీకటి పడ్డాక ఫోన్ చూసుకుంటూ నడవను. అంతకుమించి భయం లేదు. నన్నడిగితే మనుషులకన్నా లారీలు, రైళ్లే ఎక్కువ ఇబ్బంది. ఫ్లాట్ చూడటానికి ఏజెంట్ పిలిచే శనివారం మధ్యాహ్నంతో సరిపెట్టకండి. మామూలు రోజున రాత్రి ఎనిమిదింటికి ఆ వీధిలో స్టేషన్ దాకా నడవండి. పాప పడుకునే గది కిటికీ ఎటు వైపో చూడండి. ఇంకోటి, ప్రకటించిన అద్దె కన్నా ఎక్కువిస్తారా అని ఏజెంట్ అడగకూడదు, అది చట్టం.

కొత్తగా_వచ్చాం: థాంక్స్ అక్కా. గురువారం రాత్రి ఇద్దరం వెళ్లొస్తాం. పిన్నిని కూడా తీసుకెళ్దామని ఉంది, వస్తుందో లేదో. అన్నట్టు బచ్చలికూర ఎక్కడ దొరుకుతుంది? టార్నీట్‌లో వాడిపోయిందే ఉంటోంది.

టార్నీట్_మల్లన్న: వాడిపోయిందా? ఏ షాపుకు పోతున్నరు?

ఇంజెరా_పిచ్చి: స్టేషన్ ఎదురుగా ఫుట్‌స్క్రే మార్కెట్ లోపలికి వెళ్లండి, వియత్నాం కూరగాయల కొట్లన్నిట్లో ఉంటుంది. తూటికూర కూడా. మూసేవేళకి వెళ్తే కట్టలు చవగ్గా ఇచ్చేస్తారు. గురువారం రాత్రికి మాత్రం మూసేసి ఉంటుంది, పగలే చూసుకోండి.