పాత డీజిల్ ఏడు సీట్ల వ్యాన్ తీసుకోవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. యూరప్‌కి కొత్త. ఇద్దరు పిల్లలు, త్వరలో అమ్మానాన్నా వస్తున్నారు. వాడిన డీజిల్ వ్యాన్ చూస్తున్నాను. మైలేజీ బాగా ఇస్తుందంటున్నారు, నిజమేనా? ఏం చూసుకోవాలి?

జవాబు:
మైలేజీ మాట నిజమే తమ్ముడూ. లీటరుకి లీటరు చూస్తే పెట్రోలుకన్నా డీజిల్‌లో శక్తి పది శాతం పైనే ఎక్కువ. పైగా తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే లాగుతుంది కాబట్టి, మనుషులూ సామానూ నిండినా ఎత్తు రోడ్డు మీద మాటిమాటికీ గేరు దించక్కర్లేదు. లెక్క ఇలా వేసుకో: 100 కి.మీ.కి పెట్రోలు బండి 9 లీటర్లు, డీజిల్ బండి 6.5 తాగుతాయనుకుందాం. ఏడాదికి 20,000 కి.మీ. తిరిగితే 500 లీటర్లు మిగులుతుంది. 6,000 తిరిగితే 150 లీటర్లే. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఒక్కటి పోతే అది కూడా హుష్‌కాకి.

స్కూలు, మార్కెట్టు, ఇల్లు, అంతే తిరుగుడైతే డీజిల్ జోలికి పోవద్దు. కారణం డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరు. నిండినప్పుడు ఇంజన్ అదనంగా డీజిల్ పంపి, 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. ఐదు నిమిషాల్లో బండి ఆపేస్తే ఆ పని సగంలో ఆగుతుంది. చాలా ఇంజన్లలో కాలని డీజిల్ జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది, ఆయిల్ పలచబడుతుంది, టర్బో బేరింగులు అరుగుతాయి.

మరొకరు:
> స్కూలు, మార్కెట్టు, ఇల్లు, అంతే తిరుగుడైతే

అన్నా, రోజూ హైవే ఎక్కక్కర్లేదు. వారానికోసారి 20-30 నిమిషాలు, ఇంజన్ బాగా వేడెక్కాక 2,000 ఆర్‌పీఎమ్ పైన ఆగకుండా నడిపితే చాలావరకు సరిపోతుంది. ఐడిల్‌లో ఆర్‌పీఎమ్ కాస్త ఎక్కువగా ఉన్నా, బండి ఆపాక ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నా ఫిల్టరు కాలుతోందని గుర్తు. కుదిరితే ఇంకో రౌండు వేసి రా. డ్యాష్‌బోర్డులో ఫిల్టరు లైటు వెలగడంతో పాటు పికప్ కూడా పడిపోతే మాత్రం హైవే ఎక్కి ప్రయోజనం లేదు, నేరుగా వర్క్‌షాపుకే. ఆయిల్ తక్కువ బూడిద రకమే, మాన్యువల్లో రాసిన గ్రేడే పోయించు. మసి కాలుతుంది కానీ ఆయిల్ బూడిద కాలదు, ఫిల్టర్లోనే పేరుకుంటుంది. ఫిల్టరు పీకేసి ఇస్తామనే వాళ్లూ తగులుతారు. అది చట్టవిరుద్ధం, తనిఖీలో బండి ఆగిపోతుంది.

ఇంకొకరు, కొనే ముందు చూడాల్సినవి:
వస్తున్నామని ఫోన్ చేసినప్పుడే ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అనుమానించాల్సిందే, ఎందుకంటే డీజిల్ జబ్బులు చాలావరకు చల్లటి స్టార్టులోనే బయటపడతాయి. ఆయిల్ కడ్డీ తీసి చూడండి. గరిష్ఠ గీత దాటి ఉండి డీజిల్ వాసన కొడితే పైన చెప్పిన కథే, బేరం కూడా ఆడకుండా వచ్చేయండి. స్టార్ట్ చేశాక తెల్లపొగ ఆగకుండా వస్తే గ్లోప్లగ్గులో (చల్లటి ఇంజన్‌ని వేడిచేసేవి) ఇంజెక్టర్లో పాడై ఉండాలి, లేదా కూలెంటు లోపలికి కారుతుండాలి, నీలం పొగైతే ఆయిల్ కాలుతోంది. మాన్యువల్ గేరైతే ఐడిల్‌లో క్లచ్ తొక్కి వదలండి. గడగడ శబ్దం మారుతుంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, అంటే ఇంజన్ అదురు క్లచ్‌కి తగలకుండా ఆపే చక్రం, అరిగినట్టు. క్లచ్‌తో కలిపి మార్చాలి, బిల్లు బరువుగానే ఉంటుంది. టైమింగ్ బెల్టు మార్చామని నోటిమాట చెల్లదు, బిల్లు అడగండి.

బండి యూరో 6 (పొగ కాలుష్యానికి ఈయూ పెట్టిన ప్రమాణం) కాకపోతే కొన్ని నగరాల నడిబొడ్డుకి రానివ్వరు, లేదా డబ్బు కట్టమంటారు. కొత్త కార్లకు అది 2015 సెప్టెంబరు నుంచి తప్పనిసరైంది. సరుకు వ్యాన్లకు మరో ఏడాది ఆగి వచ్చింది. అందుకని ఏడాది చూసి ఊహించొద్దు, రిజిస్ట్రేషన్ కాగితంలో చూడండి.

మరొకరు:
బంకు దగ్గర ఒక్క మాట. 2018 నుంచి ఈయూలో డీజిల్ గుర్తు చతురస్రం, పెట్రోలుది వృత్తం. పెట్రోలు నాజిల్ సన్నం కాబట్టి డీజిల్ ట్యాంకులోకి హాయిగా దూరుతుంది, అదే ప్రమాదం. పొరపాటున పోస్తే తాళం కూడా తిప్పొద్దు. పంపుకి డీజిలే కందెన. పెట్రోలు వెళ్తే లోహం రాలి ఇంజెక్టర్ల దాకా పోతుంది. తోసి పక్కన పెట్టి ట్యాంకు ఖాళీ చేయించాలి.

నీలం మూత ఆడ్‌బ్లూది, అంటే పొగలోని విషవాయువుల్ని తగ్గించే ద్రవానిది. అది డీజిల్ ట్యాంకులో పడకూడదు. ఆడ్‌బ్లూ అయిపోవస్తే ఇన్ని కి.మీ.లే మిగిలాయని బండి హెచ్చరిస్తుంది. సున్నా అయ్యాక ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు.

మొదటి అన్న:
సీట్ల సంగతి ఎవరూ అనలేదు. మూడో వరుస లేపితే చాలా వ్యాన్లలో డిక్కీ రెండు సంచులకే సరి. పిల్లల సీట్లు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు మూడో వరుసలో చాలావాటికి ఉండదు, మీ సీటు తీసుకెళ్లి బిగించి చూడండి. మొత్తం అనుమతించిన బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి, మిగిలిందే మనుషులకీ సామానుకీ. ఏడుగురు పెద్దవాళ్లే 75 కిలోల లెక్కన 525 కిలోలు, ఆపైన సామాను. నిండుగా వెళ్లే రోజు వెనక టైర్లకు గాలి ఎక్కువ కావాలి. ఎంతో సాధారణంగా డ్రైవరు తలుపు స్తంభం మీద స్టిక్కర్లో ఉంటుంది.